కలిపితే నూరు దాటే లెక్క

1990 ఫిబ్రవరి 11న టోక్యోలో బాక్సర్ మైక్ టైసన్‌తో బస్టర్ డగ్లస్ తలపడ్డాడు. అప్పటిదాకా టైసన్‌కు ఓటమి తెలియదు. డగ్లస్ మీద పందెం కాసి గెలిస్తే 1కి 42 ఇస్తామని లాస్ వెగాస్‌లోని మిరాజ్ కేసినో ధర కట్టింది. పదో రౌండులో టైసన్ నేల కూలాడు.

ఆ ధరను అమెరికా పద్ధతిలో +4200 అని రాస్తారు. ఎంత తేడాతో అన్నదానితో పనిలేకుండా, ఎవరు గెలుస్తారన్న దాని మీదే కాసే పందేన్ని మనీలైన్ అంటారు. ప్లస్ అంకె 100 డాలర్లు కాస్తే వచ్చే లాభం. మైనస్ అంకె 100 డాలర్ల లాభం కోసం కాయాల్సిన సొమ్ము. ఫేవరెట్‌కు మైనస్, బలహీనుడికి ప్లస్ ఉండటం మామూలు.

ఈ అంకెల్లో సంభావ్యత దాగి ఉంటుంది. కాసిన సొమ్మును, గెలిస్తే అసలుతో కలిపి చేతికొచ్చే మొత్తంతో భాగిస్తే అది బయటపడుతుంది. డగ్లస్‌కు 100ను 4,300తో భాగిస్తే సుమారు 2.3 శాతం. అతను గెలిచినంత మాత్రాన ధర తప్పని తేలదు. నూటికి రెండుసార్లు జరిగేదీ ఎప్పుడో ఒకప్పుడు జరగాల్సిందే.

అసలు కిటుకు రెండు ధరలనూ కలిపి చూస్తే తెలుస్తుంది. ఒక జట్టుకు -150, రెండోదానికి +130 అనుకుందాం. మొదటిది 150ని 250తో భాగిస్తే 60 శాతం. రెండోది 100ని 230తో భాగిస్తే 43.5 శాతం. మొత్తం 103.5. ఇద్దరిలో ఒకరు గెలిచి తీరే ఆటలో సంభావ్యతల మొత్తం నూరే కావాలి. పైనున్న మూడున్నర పందేల నిర్వాహకుడి వాటా.

ఆ అదనాన్ని రెండు వైపుల నుంచీ దామాషాగా తీసేస్తే ఫేవరెట్ అసలు అవకాశం 58 శాతం. అది నిజమైతే, 150 చొప్పున నూరు పందేలు కాసినవాడు సగటున 58 గెలిచి 5,800 సంపాదిస్తాడు, 42 ఓడి 6,300 పోగొట్టుకుంటాడు. సగం కంటే ఎక్కువసార్లు గెలిచి కూడా 500 నష్టం!

ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఎవరు గెలుస్తారో ఊహించగలిగితే చాలదు. ఆ గెలుపు అవకాశాన్ని, ధర కట్టినవాడి కంటే అతని వాటాను మించేంత మేలుగా, ఆటాటకూ అంచనా కట్టగలగాలి. అది చేతకానివాడు ఎంత ఎక్కువ ఆడితే అంత తప్పనిసరిగా నష్టపోతాడు.