వ్యాను నెత్తిన సోలార్ ప్లేటు

బండి కదలకుండా నిలబడితే బ్యాటరీ ఎందుకు దిగిపోతుందని మీలో చాలామందికి అనుమానం. నాచారం గల్లీల్లో చూడండి, పాత వ్యానులో పరుపేసి, ఫ్యాను, లైట్లు బిగించి అనంతగిరికో నాగార్జునసాగర్‌కో పోయే సరదా పిల్లగాళ్లకి పట్టుకుంది. పోయేది ఎప్పుడో పండక్కి. మిగతా రోజులన్నీ బండి గోడ పక్కన ఎండుతూ ఉంటుంది. తీరా బయల్దేరే రోజు తాళంచెవి తిప్పితే టిక్కుటిక్కుమంటుందే గాని సెల్ఫ్ ఎత్తదు.

ఇంజను ఆపినా బండిలో కొన్ని పనులు ఆగవు పిల్లలూ. గడియారం నడుస్తుంది, అలారం కాపలా కాస్తుంది. అన్నీ కలిపి 30 మిల్లీఆంపియర్లు లాగాయనుకుందాం. రోజుకి 0.72 ఆంపియర్-గంటలు, నెలకి 21 పైచిలుకు. చిన్న వ్యానులో ఉండేది 35 ఆంపియర్-గంటల బ్యాటరీ! దానికి తోడు బ్యాటరీ తనంతట తానూ కొంత కోల్పోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ నష్టం దాదాపు రెట్టింపు. మన మే నెల సంగతి వేరే చెప్పాలా?

దిగిపోవడం ఒక్కటే అయితే మళ్లీ చార్జి చేసుకోవచ్చు. అసలు జబ్బు వేరే ఉంది. కరెంటు ఇస్తున్నకొద్దీ బ్యాటరీలోని సీసపు పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జి పెడితే విడిపోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా బిగుసుకుని ఇక లొంగదు. ఈ సీసం బ్యాటరీని ఫ్రాన్సులో గాస్తోన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. అప్పటినుంచీ దానికి ఈ బాధ తప్పలేదు. కొత్త బ్యాటరీ పోయిందని షాపతన్ని తిట్టుకుంటాం గాని, ఊరికే ఉంచి పాడుచేసుకునేవే ఎక్కువని నా లెక్క.

చెమ్మ ఊరే మట్టికుండలో నీళ్లు తగ్గకుండా ఉండాలంటే రోజుకో చెంబు పోస్తే చాలదూ? బిందెలు మోయక్కర్లేదు. ఆ చెంబు పని 10 వాట్ల సోలార్ ప్లేటు చేస్తుంది. నిండు ఎండలో అర ఆంపియరుకి కొంచెం పైగా ఇస్తుంది. హైదరాబాదులో సగటున రోజుకి 5 గంటల నిండు ఎండతో సమానమైన వెలుగు దొరుకుతుంది. నష్టాలు తీసేసినా 2 ఆంపియర్-గంటలు ఖాయం. ముసురు రోజుల్లో అందులో సగమే వచ్చినా 0.72 కంటే ఎక్కువే కదా!

ఈ కిటుకు మన ఉప్పల్ రోడ్డుకి కొత్తేం కాదు. హబ్సిగూడ దగ్గర మెట్రో స్టేషనుకే పేరిచ్చిన ఎన్‌జీఆర్ఐ ఉంది చూశారా, 1961లో పుట్టిన భూభౌతిక పరిశోధన సంస్థ. భూమి కంపనాలు పట్టే యంత్రాలను కరెంటు స్తంభం లేని కొండల్లో పెట్టాలంటే వాళ్లకీ దారి ఇదే. ఓ 12 వోల్టుల బ్యాటరీ, దాన్ని నింపుతూ ఉండే సోలార్ ప్లేటు. యంత్రం లాగేది కొద్ది వాట్లే. కానీ బ్యాటరీ చచ్చిన రోజే భూమి కదిలితే ఆ రికార్డు మళ్లీ రాదు.

12 వోల్టుల బ్యాటరీకి 18 వోల్టుల ప్లేటు ఎందుకంటారా? బ్యాటరీ నిండాలంటే 14 వోల్టులకి పైగా తోయాలి. ప్లేటులోని 36 సెల్లులు ఒక్కోటి అర వోల్టు చొప్పున 18 ఇస్తాయి. ఎండకి ప్లేటు కాలిపోతుంటే వోల్టేజి తగ్గుతుంది, అందుకే ఆ మిగులు. నిండాక కూడా అలాగే తోస్తే బ్యాటరీలో నీళ్లు గ్యాసుగా విడిపోయి తగ్గిపోతాయి, కాబట్టి మధ్యలో చార్జ్ కంట్రోలర్ తప్పనిసరి. రాత్రిపూట కరెంటు వెనక్కి ప్లేటులోకి పోకుండా ఆపేదీ అదే.

ప్లేటుని ఏటవాలుగా పెట్టాలని తంటాలు పడొద్దు. మనం 17 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. వ్యాను పైకప్పు మీద పడుకోబెట్టినా చాలు, నీడ మాత్రం పడకూడదు. సెల్లులన్నీ ఒకే వరసలో కలిపి ఉంటాయి గనుక ఒక్కదాన్ని వేపాకులు కప్పేసినా మొత్తం కరెంటు పడిపోతుంది. మెట్రో వంతెన కింద నిలిపిన బండికి ప్లేటు పెట్టడం దండగ. ఉప్పల్‌లో దుమ్ము సంగతి మీకే తెలుసు, వారానికోసారి తడిగుడ్డతో తుడవండి.

డ్యాష్‌బోర్డు మీద పెట్టి సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే ప్లేట్లు అమ్ముతున్నారు. చాలా బండ్లలో తాళంచెవి తీయగానే ఆ సాకెట్ ఆగిపోతుంది, ఇక ఎంత ఎండ కాసినా వృథాయే. తిన్నగా బ్యాటరీకే కలపండి. ప్లస్ టెర్మినల్ పక్కనే ఫ్యూజు ఉండాలి. కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ వైర్లు, తర్వాతే ప్లేటు వైర్లు. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో బీడీ అంటించనీయకండి.

ఈ 10 వాట్లతో రాత్రంతా ఫ్యాను తిరుగుతుందనుకునేరు! 15 వాట్ల ఫ్యాను 8 గంటలు తిరిగితేనే 120 వాట్-గంటలు. దానికి 50 వాట్ల ప్లేటు, విడిగా ఇంకో బ్యాటరీ కావాలి.

కొనేముందు బండిని ఒక రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే మల్టీమీటర్ పెట్టి చూడండి. 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గరుంటే సగం ఖాళీ, ముందు చార్జింగ్ పెట్టించి తర్వాత ప్లేటు బిగించండి.