అటక దిగితే అందమే!

'పాత ఇనుము, ఇత్తడి కొంటాం...' వీధిలో ఆ కేక వినిపించగానే చాలామందికి అటక గుర్తొస్తుంది. సంక్రాంతికో దసరాకో ఇల్లు దులిపినప్పుడల్లా అడ్డంగా కనిపించే గంగాళం, తుప్పు పట్టిన ట్రంకుపెట్టె, గాజు పగిలిన లాంతరు... వీటిని ఎవరికైనా ఇచ్చేస్తే ఓ పనైపోతుందనిపిస్తుంది. తక్కెడ ఎక్కాక వాటికి పేరుండదు, కిలోల లెక్కే. అందుకే ఇచ్చేసేముందు ఒక్కసారి కిందికి దించి చూడండి. మీరు కొత్తగా కొనాలనుకుంటున్న టీపాయి, పూలకుండీ వాటిలోనే ఉండొచ్చు!

అంచు మీద పేరుందా?

ఇత్తడి సామాను దించగానే ముందు చూడాల్సింది అంచు. పెళ్లికి సారెగా ఇచ్చే బిందెల మీద, గుండిగల మీద పేర్లు చెక్కించడం తెలుగిళ్లలో ఆనవాయితీ. మసి తుడిస్తే అమ్మమ్మ పేరో, ముత్తాత ఇంటిపేరో బయటపడొచ్చు. ఇత్తడి కరిగితే మళ్లీ ఇత్తడే వస్తుంది. ఆ అక్షరాలు మాత్రం రావు.

రాగి, జింకుల మిశ్రమమైన ఇత్తడి గాలికీ తేమకీ నల్లబడుతుంది. దానికి ఖరీదైన పాలిష్‌లేం అక్కర్లేదు. నానబెట్టిన చింతపండులో కాస్త ఉప్పు కలిపి రుద్దితే పులుపుకి నలుపు వదిలిపోతుంది. వెంటనే కడిగి పొడిబట్టతో తుడవాలి. తడి మిగిలితే మళ్లీ మచ్చలే.

గంగాళంలో నీళ్లు పోసి, నాలుగు బంతిపూలు వేసి గుమ్మం పక్కన ఉంచితే వచ్చినవాళ్ల చూపు ముందు దాని మీదే పడుతుంది. నీళ్లు మాత్రం రోజూ మార్చాలి, లేదంటే దోమలకు ఇల్లు చూపించినట్టే. బిందెలో మొక్క పెట్టాలనుకుంటే మట్టి నేరుగా పోయొద్దు. చిన్న ప్లాస్టిక్ కుండీని లోపల ఉంచితే ఇత్తడికి చిలుం పట్టదు. కళాయి పోయిన గిన్నెల్లో చింతపండు పులుసులు వండటం మంచిది కాదు. అలాంటివాటికి వంటింటి కంటే హాలే సరైన చోటు.

చీర కాదు... వెండి!

'పాత పట్టుచీరలు కొంటాం' అంటూ వచ్చేవారికి కావలసింది చీర కాదు, జరీలోని వెండి. అసలైన జరీ అంటే బంగారు పూత పూసిన వెండితీగే. చీరను కాల్చి ఆ లోహాన్ని వేరుచేస్తారు. నేతగాడు రోజుల తరబడి మగ్గం మీద కూర్చుని నేసింది నిమిషాల్లో బూడిదవుతుంది.

పాత పట్టు మడతల దగ్గరే చిరుగుతుంది. అంచు, పైట చెంగు గట్టిగానే ఉండొచ్చు. చెంగును అద్దం వెనక ఫ్రేము కట్టించి, ఎండ తగలని గోడకు తగిలిస్తే చక్కటి చిత్రపటమే. అంచులతో దిండు గలీబులు కుట్టుకోవచ్చు. ఇక మెత్తబడిన నూలు చీరలకు బొంతను మించిన దారి లేదు. నాలుగైదు పొరలు పరిచి వరసగా సూదికుట్టు వేస్తే చాలు.

పెట్టె... టీపాయి అవుతుంది

ట్రంకుపెట్టె తుప్పును గరుకు కాగితంతో రుద్ది, రెడాక్సైడ్ పూసి, ఆరాక నచ్చిన రంగు వేస్తే సోఫా ముందు టీపాయిగా కుదిరిపోతుంది. లోపల రగ్గులు దాచుకోవచ్చు. తొక్కే కుట్టుమిషను మూలనపడితే దాని ఇనుప కాళ్ల మీద చెక్క పలక బిగించండి. పిల్లలకు రాతబల్ల సిద్ధం. లాంతరులో కిరసనాయిల్ బదులు బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్‌ఈడీ దీపం ఉంచితే మసీ ఉండదు, మంట భయమూ ఉండదు. రోలును పెరట్లో పిచ్చుకలకు నీటితొట్టి చేయొచ్చు. అపార్టుమెంటు బాల్కనీలో మాత్రం దాని బరువు సంగతి ముందే ఆలోచించుకోవాలి.

ఇవి మరవొద్దు

పాత తలుపులు, పెట్టెల మీది రంగును పొడిగా గీకొద్దు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో ఇంకా ఎక్కువే ఉండొచ్చు. ఆ దుమ్ము పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. అందుకే ముక్కుకు మాస్కు కట్టుకుని, తడిపి రుద్దాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు.

ఇంకోమాట. అందం కోసమని బిందెకు రంధ్రం పెట్టడం, ఇత్తడికి రంగు పూయడం లాంటివి వద్దు. మార్చాల్సింది వస్తువు ఉండే చోటు, అది చేసే పని. దాని రూపాన్ని కాదు. అప్పుడే రేపు మీ పిల్లలు దాన్ని మరో రకంగా వాడుకోగలుగుతారు.

అన్నీ సర్దడం అయ్యాక చివరిగా చిన్న పని. అది ఎవరిది, ఏ ఊరి నుంచి, ఎవరి పెళ్లికి వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఓ చీటీ మీద రాసి అడుగున అంటించండి. ఆ సంగతులు చెప్పగలిగేవాళ్లు ఉన్నప్పుడే అడగాలి మరి!