ట్రాఫిక్ నుంచి హిజ్లీ దాకా: మన ఊరి కట్టడాలు

"మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే మనలో చాలామందిమి ఒక్క క్షణం ఆగుతాం. పుట్టింది ఒకచోట, చదివేది మరోచోట, నానమ్మ ఉండేది ఇంకోచోట. నాన్నకో అమ్మకో బదిలీ ఆర్డరు వస్తే సామాను కట్టుకుని కదలాల్సిన వాళ్లం. అందుకే ఉన్న ఊరిని సరిగ్గా చూడకుండానే వెళ్లిపోతుంటాం. చారిత్రక కట్టడాలంటే చార్మినార్, లేపాక్షి గుర్తొస్తాయి. ఖరగ్‌పూర్‌లో క్వార్టర్లు తప్ప ఏమున్నాయి అనుకుంటాం. నిజానికి ఆ క్వార్టర్లే ఒక చరిత్ర.

ముందు 'ట్రాఫిక్' అన్న పేరు చూద్దాం. కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడ వాహనాల రద్దీ ఎక్కువ కాబోలు అనుకుంటారు. రైల్వేలో ట్రాఫిక్ అంటే రైళ్లను నడిపించే శాఖ. స్టేషన్ మాస్టర్లు, పాయింట్స్‌మెన్ ఆ శాఖవాళ్లే. ఆ శాఖ పేరే ఈ కాలనీకి నిలిచిపోయింది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. పందొమ్మిదో శతాబ్దం ముగిసే నాటికి ఈ ఎర్రమట్టి నేల మీద స్టేషను, తర్వాత పెద్ద వర్క్‌షాపు వచ్చాయి. పనివాళ్లు కావాలి, వాళ్లకు ఇళ్లు కావాలి. అలా కంపెనీయే ఒక ఊరిని కట్టింది. తూర్పు తీర రైలు మార్గంలో ఉత్తర భాగం 1902లో ఈ కంపెనీలో కలిసింది. ఆ దారి వెంటే శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం వైపు నుంచి తెలుగువాళ్లు ఇక్కడికి పనికి వచ్చారు. ఈ ఊళ్లో ఇప్పటికీ సందు సందులో తెలుగు వినబడటానికి కారణం అదే.

ఒక పాత క్వార్టరు ముందు నిలబడి చూడండి. గోడలు మందంగా ఉంటాయి, ఎండ వేడి లోపలికి చేరడానికి చాలాసేపు పడుతుంది. పైకప్పు ఎత్తుగా ఉంటుంది, దాని దగ్గర వెంటిలేటరు ఉంటుంది. వేడిగాలి పైకి లేచి అందులోంచి బయటికి పోతుంది. ముందున్న వరండా ఎండను, వానను గోడకు తగలనివ్వదు. ఫ్యాన్లు లేని రోజుల్లో ఇల్లే ఫ్యాను పని చేసింది.

ఇల్లు ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఉద్యోగం ఎంత పెద్దదో ఇల్లు అంత పెద్దది. అధికారులకు తోటలతో బంగళాలు, కూలీలకు వరసగా ఒకే గోడ పంచుకునే గదులు. కంపెనీ రోజుల్లో ఎవరి స్థానం ఏదో ఇటుకలతోనే గీత గీశారు. ఆ తేడాల మధ్యే 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు పెద్ద సమ్మె చేశారు. ఆ రోజుల్లో బి.ఎన్.ఆర్. కార్మికుల సంఘాన్ని నడిపిన నాయకుల్లో వి.వి. గిరి ఒకరు. బరంపురంలో పుట్టిన ఆ తెలుగాయనే 1969లో మన రాష్ట్రపతి అయ్యారు.

ఇప్పుడు స్టేషనుకు వెళదాం. ఇక్కడి ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లు. చాలా ఏళ్లు ప్రపంచంలోనే పొడవైనదిగా పేరు పొందింది. 2013లో గోరఖ్‌పూర్, తర్వాత 2023లో హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. రికార్డు పోయినా ప్లాట్‌ఫాం ఒక్క అడుగు కూడా తగ్గలేదు కదా!

ఊరికి అవతల హిజ్లీ ఉంది. ఎత్తైన గోపురం ఉన్న ఆ భవనాన్ని 1930లో స్వాతంత్ర్య యోధులను నిర్బంధించడానికి వాడటం మొదలుపెట్టారు. 1931 సెప్టెంబరు 16న చేతిలో ఆయుధం లేని ఖైదీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు కోల్పోయారు. నేతాజీ సుభాష్ చంద్రబోస్ స్వయంగా వచ్చి వారి భౌతికకాయాలను తీసుకెళ్లారు. రవీంద్రనాథ్ టాగూర్ బహిరంగంగా నిరసన తెలిపారు. 1951లో దేశంలో మొదటి ఐఐటీ ప్రారంభమైంది ఆ భవనంలోనే. జైలు గోడల మధ్య తరగతులు నడిచాయి. 1990 నుంచి అక్కడ నెహ్రూ మ్యూజియం ఉంది. తర్వాత కట్టిన ఐఐటీ ప్రధాన భవనాన్ని స్విట్జర్లాండ్ వాస్తుశిల్పి వెర్నర్ మోజర్ రూపొందించారు. అలంకారంలా కనిపించే దాని టవరులో నీళ్ల ట్యాంకు ఉంది.

జర్మనీలోని ఎస్సెన్ నగరం కూడా మన ఊరిలాగే పనివాళ్ల ఊరు. ఉక్కు కంపెనీ యజమానుల కుటుంబానికి చెందిన మార్గరెటె క్రుప్ 1906లో ఇచ్చిన విరాళంతో అక్కడ ఒక కాలనీకి పునాది పడింది. 1909 నుంచి గెయోర్గ్ మెట్సెన్‌డోర్ఫ్ అనే వాస్తుశిల్పి దాన్ని కట్టించారు. రాజభవనం కాకపోయినా, సామాన్యులు కాపురమున్న ఆ ఇళ్లను నేడు వారసత్వ కట్టడాలుగా కాపాడుకుంటున్నారు.

మన పాత క్వార్టర్లు నివాసానికి పనికిరావని తేలితే ఖాళీ చేయిస్తారు, ఆ తర్వాత కూల్చేస్తారు. కప్పు కూలే ఇంట్లో ఎవరూ ఉండలేరు, అది నిజమే. కానీ ఇల్లు పోయేలోపు దాని వివరం మిగలాలి. అందుకే ఒక ఆదివారం నోటు పుస్తకం పట్టుకుని బయలుదేరుదాం. గోడ మీద కట్టిన సంవత్సరం ఉంటే రాసుకుందాం. క్వార్టరు నంబరు, గదులెన్ని, వరండా ఎటు వైపు ఉందో గీసుకుందాం. దారిలో విగ్రహం కనిపిస్తే అది ఎవరిది, ఎవరు పెట్టించారు, ఎప్పుడు అన్నది దిమ్మె మీద చదువుదాం. రిటైరైన తాతగార్లుంటే, ఆ ఇంట్లో మొదట ఎవరుండేవారో అడుగుదాం.

మన ఎత్తు కొలుచుకుంటూ గోడ మీద పెన్సిలుతో గీసుకున్న గీతలు తర్వాతి కుటుంబం సున్నం వేయించగానే కనిపించకుండా పోతాయి. నోటు పుస్తకంలో రాసుకున్నది మాత్రం సామానుతో పాటు మన వెంట వస్తుంది. అప్పుడు "మీది ఏ ఊరు?" అని అడిగితే, "ఇన్నాళ్లు ఖరగ్‌పూర్, అక్కడ ట్రాఫిక్‌లో ఉండేవాళ్లం" అని మొదలుపెట్టి చాలాసేపు చెప్పగలుగుతాం.