మాట వినే బొమ్మబండి: అపోహలు – వాస్తవాలు

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తి తీతకూ మిరప కోతకూ వెళ్లే ఇళ్ల పిల్లలు కూడా ఇవాళ బళ్లో రోబో బండి కట్టగలరు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకు ఆ సామగ్రిని అందిస్తున్నాయి. అయితే మాటతో నడిచే బండి గురించి పెద్దల్లో కొన్ని అపోహలు ఉన్నాయి. అవి పిల్లల ఉత్సాహం మీద నీళ్లు చల్లుతున్నాయి.

అపోహ: బండికి మాట అర్థమవుతుంది, అదీ ఇంగ్లీషులో చెబితేనే.

వాస్తవం: బండికి ఏ భాషా రాదు. పిల్లలు చేసే చాలా బండ్లలో వినేది ఫోను. అది మన మాటను అక్షరాల్లోకి మారుస్తుంది. యాప్ ఆ మాటను తన జాబితాతో పోల్చుకుని, బ్లూటూత్ ద్వారా బండికి ఒక్క అక్షరం పంపుతుంది. ఆ అక్షరాన్ని బట్టి బండిలోని ఆర్డుయినో అనే చిన్న నియంత్రణ బోర్డు మోటార్లను తిప్పుతుంది. ఎడమ చక్రాలు ఆగి కుడివి తిరిగితే బండి ఎడమకు మళ్లుతుంది. జాబితాలో ‘ఫార్వర్డ్’ తీసేసి ‘ముందుకు’ అని రాస్తే తెలుగుకే కదులుతుంది. గూగుల్ వాయిస్ టైపింగ్‌లోకి తెలుగు 2017లోనే వచ్చింది. అలాంటప్పుడు లెఫ్ట్, రైట్ సరిగ్గా పలకలేదని ఒక పిల్లను వెనక్కి నెట్టడం అన్యాయం.

అర్థం తెలియకుండానే మాటకు స్పందించే బొమ్మలు వందేళ్ల కిందటే ఉన్నాయి. 1920ల నాటి ‘రేడియో రెక్స్’ అనే కుక్కబొమ్మ, పేరు పెట్టి పిలిస్తే గూట్లోంచి బయటికి దూకేది. ఆ పేరులోని ‘ఎ’ అచ్చు ధ్వనికి లోపలి విద్యుత్ వలయం తెగేది, స్ప్రింగు కుక్కను ముందుకు తోసేది.

యంత్రానికి కావలసింది వేరువేరుగా వినపడే మాటలు. అరక కట్టే ఇళ్లలో వాడే ‘దాపట, వలపట’ పెట్టాలని ముచ్చటపడవచ్చు, కానీ రెండూ ఒకేలా ముగుస్తాయి. వాటికంటే ‘ఎడమ, కుడి’ మేలు. ‘ఆగు’ పక్కన ‘సాగు’ అసలే పెట్టకూడదు. ఫ్యాను హోరులో ఆ ‘స’ శబ్దం కలిసిపోవచ్చు.

అపోహ: గట్టిగా అరిస్తే బాగా వింటుంది.

వాస్తవం: అరుపు మైకు హద్దు దాటితే ధ్వని చెడిపోతుంది. మైకును నోటికి దగ్గరగా పెట్టుకుని మామూలుగా మాట్లాడాలి. మైకు బండి మీదే ఉంటే మోటార్ల రొద మన మాటను మింగేస్తుంది.

అపోహ: ఇంటర్నెట్ లేకపోతే కుదరదు.

వాస్తవం: మన గొంతుతోనే నేర్పించే చిన్న మాడ్యూళ్లు దొరుకుతాయి. బాగా వాడుకలో ఉన్న ఒక రకం 80 ఆదేశాలు దాచుకుని, ఒకసారికి 7 వింటుంది. ఏ భాషైనా, ఏ యాసైనా ఫర్వాలేదు. అయితే మాస్టారి గొంతుతో నేర్పితే పిల్లవాడి మాటను అది సరిగా పట్టదు. ఎవరు నడుపుతారో వాళ్ల గొంతే ఎక్కించాలి.

అపోహ: మిరప చేలో డ్రోన్‌నూ ఇలాగే నడిపేయవచ్చు.

వాస్తవం: మందు కొట్టే డ్రోన్‌ను రిమోట్‌తోనో, ముందుగా గుర్తించిన జీపీఎస్ దారిలోనో నడుపుతారు. ఒక్క మాట తప్పుగా వింటే మందు పక్క చేలో పడుతుంది. బొమ్మబండికైనా చేతికందే చోట ఆఫ్ స్విచ్ పెట్టించండి.