ఎండ దక్షిణాన, గాలి ఈశాన్యాన

కొత్తవలస మేడల మీద సోలార్ వాటర్ హీటర్ పెట్టించుకునేవారు ముందుగా అడిగేది నీళ్లు సరిగ్గా కాగుతాయా అని. ఆ బెంగ అక్కర్లేదు. వంద లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే 4 యూనిట్ల కరెంటుకు సరిపడా వేడి కావాలి. మన తీరాన చదరపు మీటరుకు రోజుకు సగటున 5 యూనిట్ల ఎండ పడుతుంది. రెండు చదరపు మీటర్ల పలక అందులో సగానికి తక్కువ పట్టుకున్నా చాలు. తిరుమలలో 2002లోనే అద్దాల డిష్షులతో ఎండను ఒకచోటికి చేర్చి, ఆవిరి పుట్టించి, వేల మందికి వంట చేశారు. స్నానానికి నీళ్లు కాచుకోవడం దాని ముందు ఎంత!

అడగాల్సింది ఇంకొకటుంది. ఇల్లు చల్లగా ఉండాలని శ్లాబు మీద థర్మాకోల్ పరిచి, పైన పలచగా కాంక్రీటు పోసి, చలువ పెంకులు అతికించిన మేడలు పెరుగుతున్నాయి. థర్మాకోల్ కాంక్రీటు కంటే సుమారు నలభై రెట్లు తక్కువగా వేడిని దిగనిస్తుంది. మంచిదే, కానీ అది మెత్తన. 200 లీటర్ల హీటరు నీళ్లతో నిండితే స్టాండుతో కలిపి 350 కిలోల దాకా తూగుతుంది. నాలుగు కాళ్లకు పంచితే కాలుకు దాదాపు 90 కిలోలు. ఇనుప యాంగిల్ కాలిని నేరుగా పెంకు మీద ఆనిస్తే నెమ్మదిగా దిగబడుతుంది, కింద వాటర్‌ప్రూఫింగ్ చిరుగుతుంది. స్టాండు ఒరిగితే మరో చిక్కు. ఈ హీటరుకు మోటారు లేదు. పలకలో కాగిన నీరు తేలికై తనంతట తానే పైనున్న ట్యాంకులోకి ఎక్కుతుంది, చల్లనీరు కిందికి దిగుతుంది. గొట్టాల వాలు చెడి మధ్యలో గాలి చిక్కుకుంటే ఆ ప్రవాహం ఆగిపోతుంది.

కాలి కింద వెడల్పాటి పలక వేస్తే బరువు సంగతి తీరుతుంది. గాలి సంగతి తీరదు.

కొత్తవలస దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. వేడినీళ్ల అవసరం డిసెంబరు, జనవరిల్లో ఎక్కువ. అప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు. అందుకే పలకను దక్షిణముఖంగా 30 డిగ్రీల వాలుతో నిలబెడతారు. అంటే ఎత్తైన వీపు ఉత్తరం వైపు, కింద అంతా ఖాళీ. బంగాళాఖాతంలో తుపాను మన తీరానికి దగ్గరవుతున్నప్పుడు గాలి ముందుగా వచ్చేది ఉత్తరం, ఈశాన్యాల నుంచే. తిరగబడే గొడుగులాగే, అది పలక కింద దూరి పైకెత్తుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలులు గంటకు 180 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నాయి. అది సెకనుకు 50 మీటర్లు. విశాఖలో కట్టడాలకు భారత ప్రమాణాలు లెక్కలోకి తీసుకోమనే వేగమూ అంతే. అంతటి గాలి స్థూలంగా చదరపు మీటరుకు 150 కిలోల బలంతో తోస్తుంది. నాలుగు చదరపు మీటర్ల పలకల మీద 600 కిలోలు. వాలును బట్టి అందులో 500 కిలోలకు పైగా పైకెత్తే బలమే. హీటరు బరువు 350 కిలోలని గుర్తుందిగా!

కాబట్టి కాళ్లు శ్లాబును పట్టుకోవాలి. థర్మాకోల్ పరచక ముందే శ్లాబులోంచి చువ్వలు లేపి, అడుగు చదరాన నాలుగు కాంక్రీటు దిమ్మలు పోయించి, వాటర్‌ప్రూఫింగ్‌ను దిమ్మల పక్కల మీదికి కూడా ఎక్కించి, ఆ తర్వాత చుట్టూ థర్మాకోల్ కోసి పేర్చుకోవాలి. ఇప్పటికే పెంకులు వేసేసి ఉంటే ఆ నాలుగు చోట్లా శ్లాబు దాకా విప్పించి, బోల్టులు దించి దిమ్మలు కట్టించాలి. పెంకు మీంచి డ్రిల్లు కొట్టి బోల్టు బిగించడం సులువే, కానీ బోల్టు థర్మాకోల్‌లోనే ఆగిపోతే పట్టు ఉండదు, శ్లాబు దాకా వెళితే వానకు కారే కన్నం మిగులుతుంది.

దిమ్మల గుండా వేడి ఇంట్లోకి దిగదా? దిగుతుంది. చలిదేశాల పుస్తకాలు దీని మీద పేజీలు నింపుతాయి. వెయ్యి చదరపు అడుగుల మేడలో నాలుగు దిమ్మల వైశాల్యం సగం శాతం కూడా కాదు, పైగా వాటికి పలకల నీడ ఉంటుంది. నేనైతే దానికోసం పట్టు వదులుకోను.

ఇక తుపాను హెచ్చరిక వస్తే నట్లు బిగించి చూసుకోండి, ట్యాంకు మాత్రం ఖాళీ చేయకండి. అందులోని 200 లీటర్ల నీళ్లంటే 200 కిలోల బరువు.