మత్తు వార్తల్లో కనిపించని మనుషులు

2017లో హైదరాబాద్‌లో మాదకద్రవ్యాల కేసులో సినీ ప్రముఖులను ఎక్సైజ్ శాఖ ప్రత్యేక దర్యాప్తు బృందం విచారించింది. ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్లారో, ఎన్ని గంటలు ఉన్నారో టీవీ చానళ్లు రోజుల తరబడి చూపాయి. 2020లో ముంబయిలోనూ ఇదే తంతు, ఇంకా పెద్ద ఎత్తున సాగింది.

ఇవే చూసేవారికి మత్తు అంటే కొకైన్, పార్టీలు, తారలు అనిపించడం సహజం. లెక్కలు మాత్రం మరోలా ఉన్నాయి. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం 10–75 ఏళ్లవారిలో కొకైన్ వాడేవారు 0.10 శాతం. మద్యం తాగేవారు 14.6 శాతం, అంటే సుమారు 16 కోట్ల మంది. నల్లమందు, హెరాయిన్, కొన్ని రకాల నొప్పి మాత్రలు కలిసిన ఓపియాయిడ్ల వాడకం 2.1 శాతం. వైట్‌నర్, జిగురు వంటివి పీల్చే అలవాటు ఒక్కటే పెద్దల్లో (0.58 శాతం) కంటే పిల్లల్లో (1.17 శాతం) ఎక్కువ. వైట్‌నర్ పీల్చే పిల్లవాడి కోసం ఏ చానలూ రోజంతా కెమెరా పెట్టదు.

ఇందుకు ఒక కారణం వార్త పుట్టే చోటు. దాడి, అరెస్టు, పట్టుబడిన సరుకు, దాని ‘మార్కెట్ విలువ’... సమాచారమంతా పోలీసుల ప్రకటన నుంచే వస్తుంది, కాబట్టి కథ నేరాల పేజీలోకే వెళ్తుంది. పక్కన సూది బొమ్మ. నిజానికి దేశంలో సూదితో మత్తుమందు ఎక్కించుకునేవారు సుమారు 8.5 లక్షలు, ఓపియాయిడ్లు వాడేవారు 2.26 కోట్లు.

వాడే మాటలకూ ప్రభావం ఉంది. అమెరికాలో జాన్ కెల్లీ, కసాండ్రా వెస్టర్‌హాఫ్ 500 మందికి పైగా మానసిక ఆరోగ్య నిపుణులకు ఒకే వ్యక్తి కథ ఇచ్చారు. కొందరి ప్రతిలో అతన్ని ‘మత్తు దుర్వినియోగి’ అన్నారు, మిగతావారి ప్రతిలో ‘మత్తు వాడక రుగ్మత ఉన్న వ్యక్తి’ అన్నారు. 2010లో వెలువడిన ఫలితాల్లో, మొదటి ప్రతి చదివినవారే తప్పు అతనిదేననీ, శిక్షించాలనీ ఎక్కువగా భావించారు. చికిత్స చేసేవారి చూపే ఒక్క మాటతో మారితే, పత్రిక పాఠకుడి సంగతి చెప్పనక్కర్లేదు. 2017లో అసోసియేటెడ్ ప్రెస్ తన శైలి పుస్తకంలో మనిషిని ‘అడిక్ట్’ అని పిలవవద్దని సూచించింది. మన దగ్గర శీర్షికల్లో ‘గంజాయి బ్యాచ్’ హాయిగా నడుస్తోంది.

ముద్ర పడుతుందన్న భయం చాలామందిని ఆసుపత్రికి దూరంగా ఉంచుతుంది. అదే సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరులకు, కొన్ని షరతులతో, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పించే 64ఏ సెక్షన్ మాదకద్రవ్యాల చట్టంలోనే ఉంది. జాతీయ సహాయ నంబరు 14446. అరెస్టు వార్తల చివర ఈ రెండూ కనిపించడం అరుదు.