గేరుపెట్టె – ఇంధన పొదుపు

రథవేగం గుర్రాల బలంపైనే కాక సారథి నేర్పుపైన కూడా ఆధారపడి ఉంటుంది. నన్నయ తెనిగించిన అరణ్యపర్వంలో నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజుకు సారథ్యం వహిస్తాడు. చూపునకు బక్కచిక్కిన గుర్రాలను ఎన్నుకొని, ఒక్కనాటిలో అయోధ్య నుండి విదర్భకు రథాన్ని చేరుస్తాడు. నేటి కారులో గుర్రాల స్థానం ఇంజనుది. ఆ ఇంజను బలాన్ని చక్రాలకు అందించేది గేరుపెట్టె.

చోదకుడే గేర్లు మార్చవలసిన కారును మాన్యువల్ అనీ, తనంతట తానే గేర్లు మార్చుకొనే కారును ఆటోమేటిక్ అనీ వ్యవహరిస్తారు. ఆటోమేటిక్ కారు పెట్రోలు ఎక్కువ తాగుతుందనే మాట చాలాకాలంగా ప్రచారంలో ఉంది. మధ్యతరగతి కుటుంబానికి కారు కొనడం ఒకనాటి భారమైతే, పెట్రోలు ఖర్చు ఏళ్ళ తరబడి సాగే భారం. కనుక ఈ మాటలోని నిజానిజాలను విచారించడం అవసరం.

కదలని కారును కదిలించడానికి ఎక్కువ లాగుడు బలం కావాలి. అది మొదటి గేరు పని. కారు వేగం పుంజుకున్న తరువాత ఇంజను నెమ్మదిగా తిరిగినా చాలు. అది పై గేర్ల పని. సకాలంలో పై గేరుకు మారితే ఇంధనం ఆదా అవుతుంది. ఆలస్యం చేస్తే వృథా అవుతుంది.

మాన్యువల్ కారులో ఇంజనును గేరుపెట్టెతో గట్టిగా కలిపేది క్లచ్. 1939లో అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ ఓల్డ్స్‌మొబిల్ కార్ల కోసం ప్రవేశపెట్టిన హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరుపెట్టెలో ఈ కలయిక నూనె ద్వారా జరిగింది. రెండు పంకాలను ఎదురెదురుగా ఉంచి ఒకదానిని తిప్పితే, ఆ గాలికి రెండవది కూడా తిరుగుతుంది. కాని అంత వేగంగా తిరగదు. నూనె విషయంలోనూ అంతే. ఈ జారుడులో కొంత శక్తి వేడిగా మారి నశిస్తుంది. పైగా 1950లో షెవ్రొలే కార్లలో వచ్చిన పవర్‌గ్లైడ్ వంటి వాటిలో ముందుకు నడిపే గేర్లు రెండే. ఆటోమేటిక్ కార్లకు వచ్చిన అపకీర్తికి మూలం ఇదే.

కాలక్రమంలో ఈ లోపాలు చాలావరకు తొలగిపోయాయి. కారు వేగం అందుకోగానే నూనె జారుడును ఆపి, రెండు భాగాలను గట్టిగా బిగించే ఏర్పాటు వచ్చింది. గేర్ల సంఖ్య ఆరుకు, ఎనిమిదికి పెరిగింది. భారతదేశంలో 2014లో మారుతి సుజుకి సంస్థ సెలెరియో కారుతో మరొక పద్ధతిని సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది. ఇందులో గేరుపెట్టె మాన్యువల్‌దే. క్లచ్‌ను విడదీయడం, గేరు మార్చడం మాత్రం కంప్యూటర్ ఆజ్ఞ మేరకు ఒక చిన్న యంత్రం చేస్తుంది. నూనె ద్వారా జరిగే నష్టం దీనిలో లేదు. అందువల్లనే ఆనాడు ఆ కారులోని రెండు రకాలకూ ధ్రువీకరించిన మైలేజి ఒక్కటే: లీటరుకు 23.1 కిలోమీటర్లు.

అయితే ఇట్టి అంకెలు ప్రయోగశాలలో, కారును రోలర్లపై నడిపి సాధించినవి. రోడ్డుపై పరిస్థితి వేరు. విజయవాడనే తీసుకొందాం. కృష్ణానదికి, కొండలకు నడుమ విస్తరించిన ఈ నగరాన్ని బందరు, ఏలూరు, రైవస్ కాలువలు చీల్చుకుపోతున్నాయి. వంతెనల వద్ద, కూడళ్ళ వద్ద వాహనాలు ఆగి ఆగి సాగుతాయి. అక్కడ క్లచ్‌ను సగం నొక్కిపట్టి కారును జరిపే చోదకుడు ఇంధనాన్ని, క్లచ్ పలకలను కూడా నష్టపరుస్తాడు. ఆగి ఉండి కూడా ఇంజనును తిరగనిచ్చే కారు ఏ రకానిదైనా ఆ క్షణాన దాని మైలేజి సున్నయే. మండువేసవిలో ఏసీ భారం దీనికి తోడు.

నగరం దాటి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రుల మీదుగా మచిలీపట్నం వైపు సాగితే దృశ్యం మారుతుంది. సుమారు 65 కిలోమీటర్ల ఈ దారి డెల్టా భూమిపై చదునుగా సాగుతుంది. నిలకడగా నడిపితే కారు ఎక్కువసేపు పై గేరులోనే ఉంటుంది. ఇక్కడ రెండు రకాల మధ్య భేదం స్వల్పం. ఒకే కారు బెంజి సర్కిల్ వద్ద ఒక మైలేజి, బందరు దారిలో మరొక మైలేజి ఇవ్వడంలో ఆశ్చర్యం లేదు.

ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 15 కిలోమీటర్లు నడిస్తే 800 లీటర్ల పెట్రోలు కావాలి. 16 కిలోమీటర్లు నడిస్తే 750 లీటర్లు చాలు. ఒక్క కిలోమీటరు మెరుగుదలతో మిగిలేది 50 లీటర్లు. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అంటే గాలిలో కలిసే 115 కిలోల వాయువును నివారించినట్లే. ముడిచమురులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా దిగుమతి చేసుకొనే మన దేశానికి ఇది చిన్న విషయం కాదు.

ఈ మెరుగుదలను సాధించడానికి కొత్త కారే కొననవసరం లేదు. టైర్లలో తగినంత గాలి ఉంచడం, ఎక్కువసేపు ఆగవలసిన చోట ఇంజను ఆపడం, ముందుచూపుతో నడిపి ఊరక బ్రేకు వేయకపోవడం అందరికీ సాధ్యమే. గేర్లు మార్చే శ్రమను యంత్రం తనపై వేసుకొన్నది. వేగాన్ని ఎంతలో ఉంచాలి, ఎక్కడ ఆపాలి అనే వివేకం మాత్రం నేటికీ మనిషిదే.